కడలి అడుగున పచ్చిక

కొంతకాలము క్రిందట ఒక శబ్దచిత్రమునకు కావలసిన ధ్వనులను సేకరించుటకై నేను పులికాటు సరస్సుపై పడవలో పోవుచుంటిని. అచ్చట నీరు నడుములోతు కూడ లేదు. గెడ పోటు చప్పుడు, కొంగల కూతలు, దూరమున ఎవరో వల విసరిన శబ్దము, ఇవి అన్నియు మైకునకు బాగుగనే అందుచుండెను. ఒకచోట మాత్రము పడవ అడుగున ఏదియో మెత్తగా రాచుకొను చప్పుడు వినవచ్చెను. "అదేమిటి, పాచా?" అని అడిగితిని. గెడ వేయుచున్న వృద్ధుడు పడవ నిలిపి, వంగి, నీటిలోనుండి గుప్పెడు ఆకులు పీకి నా చేతిలో పెట్టెను.

"పాచి గాదు సార్, గడ్డి. చూడండి, యేరుండాది. ఈ గడ్డి వున్న కాడనే రొయ్య."

నేను విశ్వవిద్యాలయమున చదివినది సాహిత్యము. ఆ వృద్ధుడు రెండు ముక్కలలో చెప్పినది వృక్షశాస్త్రజ్ఞులు ఈ విషయమున చెప్పు మొదటి పాఠమేయని తరువాత గ్రంథములు తిరుగవేసినపుడు గాని నాకు తెలియలేదు. పాచికి, నాచుకు నిజమైన వేరులు లేవు. రాతికో చిప్పకో అంటుకొని, తన ఒడలి నిండ నీటినే పీల్చుకొని అది బ్రతుకును. సముద్రపు గడ్డి అట్టిది కాదు. దానికి వేరు కలదు. మట్టిలో అడ్డముగా ప్రాకు కాండము కలదు. ఆ కాండమునుండి గరికకువలె కణుపు కణుపునకు పిలకలు లేచును. అది పుష్పించును, కాయును, విత్తనములు రాల్చును. సముద్రజలమున పూర్తిగా మునిగి జీవయాత్ర సాగింపగల పూలమొక్క ఇది యొక్కటియే. లోకమునందు ఇందు సుమారు 70 జాతులు కలవు. అన్నింటికిని గడ్డియను పేరు చెల్లుచున్నను, మన పొలముగట్లపై మొలచు గడ్డికి ఇవి దగ్గరి చుట్టములు మాత్రము కావు.

వీని పూర్వులు నేలపై పెరిగిన మొక్కలు. సుమారు పదికోట్ల సంవత్సరముల క్రిందట వానిలో కొన్ని మరల సముద్రము దారి పట్టినవి. భూమిపై బ్రతికిన జంతువులలో కొన్ని తిమింగిలములైనట్లే ఇదియును జరిగినది. అట్లు మరలి వచ్చుటలో అవి పోగొట్టుకొన్నవియు, క్రొత్తగా సంపాదించినవియు ఎన్నియో కలవు. నేలమొక్క ఆకుపై గాలి పీల్చుటకు సన్నని పత్రరంధ్రములుండును. సముద్రపు గడ్డి ఆకుపై అవి లేవు. 2016 వ సంవత్సరమున జోస్టెరా మరీనా అను జాతి జన్యువులను సంపూర్ణముగా చదివిన శాస్త్రజ్ఞులు, ఆ రంధ్రములను నిర్మించు జన్యువులే దానిలో అంతరించినవని కనుగొనిరి. దాని పుప్పొడి గుండ్రని రేణువులుగా కాక సన్నని దారపు పోగులవలె ఉండి, నీటిలో తేలిపోవుచు మరియొక పువ్వును తాకి చుట్టుకొనును. నీటిలో తేనెటీగలు లేవు గదా యని మనము అనుకొనుట సహజము. కాని మెక్సికో తీరమున తలాసియా అను గడ్డిపై పరిశోధించినవారు, రాత్రివేళ కొన్ని సూక్ష్మమైన రొయ్యజాతి ప్రాణులు పువ్వునుండి పువ్వునకు పుప్పొడి మోయుచున్నవని 2016 లోనే నిరూపించిరి.

సముద్రపు అడుగుమట్టి బురదనేల. అందు ప్రాణవాయువు ఉండదు. పైగా కుళ్లిన గ్రుడ్డు వాసన కొట్టు గంధకపు విషవాయువు పుట్టుచుండును. గడ్డి తన ఆకులో తయారైన ప్రాణవాయువును లోపలి సన్నని గొట్టములగుండ వేరులకు పంపి, వేరు చుట్టును ఆ విషమును విరిచివేయుచుండును. ఈ పనిలో దానికొక తోడు కూడ దొరికినది. వేరుల నడుమ నివసించు ఒక చిన్న ఆల్చిప్ప తన మొప్పలలో కొన్ని సూక్ష్మజీవులను పెంచుకొనును. ఆ సూక్ష్మజీవులు గంధకపు విషమునే ఆహారముగా వాడుకొని ఆల్చిప్పను పోషించును. ఆల్చిప్ప వలన నేల శుభ్రపడును, గడ్డి ఏపుగా పెరుగును, గడ్డి వేరులనుండి వచ్చు ప్రాణవాయువు ఆల్చిప్పకు అందును. ఈ ముగ్గురి పొత్తును 2012 వ సంవత్సరమున డచ్చి శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి.

ఇన్ని నేర్పులు గల మొక్కకు ఒక లోపము కలదు. దానికి వెలుతురు మిక్కుటముగా కావలెను. నీటిపై పడు వెలుతురులో నూటికి ఒక పాలు దొరికినను కొన్ని నాచులు బ్రతుకగలవు. సముద్రపు గడ్డికి మాత్రము సగటున నూటికి 11 పాళ్లయినను దొరకవలెను. వేరును, భూగర్భ కాండమును పోషించుట ఖర్చుతో కూడిన సంసారము. అందుచేత ఈ గడ్డి లోతులేని తేటనీటినే కోరుకొనును. గోదావరి, కృష్ణ తెచ్చి పోయు ఒండ్రుతో ఎఱ్ఱబారి, కెరటములతో నిత్యము కలగు మన కోస్తాతీరమున ఈ పచ్చిక విస్తారముగా కానరాకపోవుటకు కారణమిదియే. మనదేశమున దీనికి పెట్టినిల్లు తమిళదేశపు పాక్ అఖాతము, మన్నారు సింధుశాఖ, లక్షద్వీపముల మడుగులు, అండమాను దీవుల తీరములు. వీనికి తోడు చిలకా, పులికాటు వంటి ఉప్పుకయ్యలలో చిన్న జాతులు పెరుగుచున్నవి.

ఇచ్చటనే ఈ ప్రసంగమునకు ముఖ్యమైన విషయము వచ్చుచున్నది. గడ్డికి తేటనీరు కావలెనని చెప్పితిని. ఆ నీటిని తేటపరచునది గూడ ఆ గడ్డియే. దట్టముగా నిలిచిన ఆకులు ప్రవాహవేగమును తగ్గించును. వేగము తగ్గిన నీరు తాను మోయుచున్న మట్టిరేణువులను అచ్చటనే దించివేయును. దించిన మట్టిని వేరులు పట్టి కదలనీయవు. నీరు తేటపడగా వెలుతురు మరింత లోతునకు దిగును. వెలుతురు దిగినంతమేర గడ్డి అల్లుకొనును. ఒక మంచి సంసారము తన ఇంటిని తానే నిలుపుకొన్నట్లు, ఈ పచ్చిక తన బ్రతుకునకు కావలసిన పరిస్థితిని తానే నిర్మించుకొనుచుండును. అది ఉన్నంతకాలము చిన్న చిన్న ఆపదలు దానిని కదల్పజాలవు. కాని ఏ కారణముననైనను ఒకసారి పచ్చిక పోయెనా, ఈ చక్రము వెనుకకు తిరుగును. పట్టు తప్పిన మట్టి ప్రతి కెరటమునకును లేచును. నీరు కలగును. వెలుతురు తగ్గును. మొదట గడ్డిని చంపిన కారణము తొలగిపోయిన తరువాత గూడ గడ్డి తిరిగి రాదు. జీవావరణ శాస్త్రజ్ఞులు ఆరోగ్యమను మాటను ఒక అఖాతమునకో మడుగునకో అన్వయించునపుడు వారి మనస్సులోనుండునది ఈ చక్రము ఏ దిశగా తిరుగుచున్నదను ప్రశ్నయే. పచ్చగా కనిపించుట ఒక్కటే వారికి చాలదు.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికంటె చక్కని దృష్టాంతము అమెరికా తూర్పుతీరమున, వర్జీనియా రాష్ట్రములో కలదు.

అచ్చట ఒక సన్నని ద్వీపకల్పము ఉత్తరమునుండి దక్షిణమునకు సాగియున్నది. దానికి పడమట చెసపీక్ అను మహా అఖాతము. తూర్పున ఇసుకదీవుల వరుస, ఆ దీవుల చాటున సౌత్ బే, కాబ్ బే, హాగ్ ఐలండ్ బే మొదలగు లోతులేని చిన్న అఖాతములు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున ఈ చిన్న అఖాతముల అడుగంతయు ఇంతకుముందు చెప్పిన జోస్టెరా గడ్డితో నిండియుండెడిది. వాడుకలో దానిని ఈల్‌గ్రాస్ అందురు. ఆ గడ్డిలో స్కాలప్ అను ఒక జాతి ఆల్చిప్ప సమృద్ధిగా పెరిగెడిది. దాని పిల్లలు గడ్డి ఆకును పట్టుకొని ప్రేలాడుచు, అడుగున తిరుగు పీతల బారినుండి తప్పించుకొనును. దానిని పట్టి అమ్ముటయే అచ్చటి పల్లెకారులలో అనేకుల జీవనము. ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఎండుగడ్డి సయితము వ్యర్థమయ్యెడిది కాదు. అట్లాంటిక్ తీరపు వేరు ప్రాంతములలో దానిని పరుపులలో కూరెడివారు. బోస్టను నగరములోని ఒక సంస్థవారు దానిని దళసరి కాగితముల నడుమ బొంతవలె కుట్టి గోడలలో అమర్చుటకు అమ్మెడివారు. శబ్దమును మ్రింగు గుణము దానికుండుటయే ఇందుకొక కారణము. ధ్వనితో పనిచేయువాడను గనుక ఈ ముచ్చటను విడిచిపెట్టలేకపోతిని.

1931, 1932 సంవత్సరములలో ఉత్తర అట్లాంటిక్ సముద్రమునకు ఇరుప్రక్కల ఈ గడ్డికి తెగులు తగిలెను. ఆకులపై నల్లని మచ్చలు పుట్టి, ఆకు కుళ్లి, పిలకలు రాలిపోయెను. ఉన్న గడ్డిలో నూటికి 90 పాళ్లవరకు నశించెను. తెగులునకు కారణమైన సూక్ష్మజీవి ఏదియో నిర్ధారణ యగుటకు 1991 వరకు పట్టినది. ఆ గడ్డిపైననే ఆధారపడిన బ్రాంట్ అను నల్లబాతుల మందలు తరిగిపోయెను. ఈల్‌గ్రాస్ ఆకునే తిని, ఆకుపైననే బ్రతికిన ఒక చిన్న నత్తజాతి లోకమునుండియే అంతరించెను. దానిని చివరిసారి సేకరించినది 1929 లో. దాని లోపమును గుర్తించుట కూడ ఆ తరువాత అరువదియేండ్లకు గాని జరుగలేదు.

వర్జీనియాలో తెగులునకు తోడు 1933 ఆగస్టున పెనుతుపాను వచ్చెను. తెగులు మిగిల్చిన గడ్డిని తుపాను ఊడ్చివేసెను. గడ్డితో పాటు స్కాలప్ కూడ పోయెను. దానినే నమ్ముకొన్నవారు వేరు వృత్తులు వెదకికొనవలసివచ్చెను. అది మొదలు దాదాపు 70 సంవత్సరములు ఆ అఖాతముల అడుగు బోడిగా పడియుండెను. ఒక తరము పోయి రెండవ తరము వచ్చెను. అచ్చట పచ్చిక యుండెడిదను సంగతి ముసలివారి మాటలలోనే మిగిలినది. తెగులు ఇతర ప్రాంతములలో క్రమముగా తగ్గి, గడ్డి అచ్చటచ్చట మరల లేచినను, ఇచ్చట మాత్రము లేవలేదు. నీటిలో ఏదియో మార్పు వచ్చినదనియు, ఇక అది గడ్డికి పనికిరాదనియు అనుకొనుట సహజమే గదా.

1990 తరువాతి దశాబ్దపు చివరను సౌత్ బేలో ఎచ్చటనో ఒక చిన్న గడ్డిపట్టు కనబడెను. రాబర్ట్ ఓర్త్ అను ఆచార్యుడును, వర్జీనియా సముద్రశాస్త్ర సంస్థలోని ఆయన సహచరులును దీనిని చూచి వేసికొన్న ప్రశ్న నాకు ఎంతయు నచ్చినది. ఇచ్చట గడ్డి బ్రతుకగలుగుచున్నపుడు మిగిలినచోట్ల ఎందుకు లేదు? దీనికి సమాధానము ఓర్త్ 1994 లోనే ప్రకటించిన ఒక పరిశోధనలో సగము దొరికియున్నది. ఈల్‌గ్రాస్ విత్తనము కొద్ది మిల్లీమీటర్ల పొడవు గలది. నీటికంటె బరువైనది. తల్లిమొక్కనుండి రాలగానే సూటిగా అడుగునకు దిగి, ఇసుకలోని చిన్న గుంతలో చిక్కుకొని అచ్చటనే నిలుచును. చల్లినచోటికి కొద్ది మీటర్ల దూరములోనే దాదాపు మొలకలన్నియు లేచినవని ఆ పరిశోధన తేల్చెను. విత్తనములతో గూడిన కొమ్మ విరిగి తేలిపోయి దూరమున పడుట కలదు గాని, అది కేవలము అదృష్టము. కాబట్టి ఆ అఖాతములు 70 ఏండ్లు బోడిగా పడియుండుటకు కారణము నీరు చెడుట కాదు, విత్తనము చేరకపోవుట. నీరు బాగుండి, నేల బాగుండి, వెలుతురు బాగుండి, విత్తు లేక బీడుపడిన పొలమని మన రైతు ఒక్కమాటలో చెప్పియుండును.

అయినచో విత్తవలసినదే. ఓర్త్ బృందమువారు 2000 ప్రాంతమున ఆరంభించిన పని కూడ రైతు పనికి భిన్నమైనది కాదు. వసంతము చివరను, విత్తనము ముదిరిన సమయమున, గడ్డి యున్నచోటికి పోయి వెన్నులవంటి కొమ్మలను కోసి తెచ్చెదరు. ఒడ్డున పెద్ద తొట్లలో, పారుచున్న సముద్రపు నీటిలో, విత్తనములు విడివడు వరకు వానిని ఉంచెదరు. ఆకులు కుళ్లి తేలిపోగా విత్తనములు అడుగున దిగును. వానిని ఏరి, పదిలపరచి, శరదృతువున పడవపైనుండి చేతితో నీటిపై చల్లెదరు. నూరు విత్తనములు చల్లినచో పది మొలచుట కూడ దుర్లభము. ఈ పనిని వారు ఒక ఏడు, రెండేండ్లు గాక ఇరువది యేండ్లు చేసిరి. ఎందరో స్వచ్ఛంద సేవకులు నడుములోతు నీటిలో నిలిచి కోతకు సాయపడిరి. 2020 లో వారు ప్రకటించిన లెక్కల ప్రకారము మొత్తము చల్లినది 7 కోట్లకు మించిన విత్తనములు. వానిని చల్లిన నేల సుమారు 213 హెక్టారులు. పచ్చిక తనంతట తాను విత్తుకొనుచు వ్యాపించిన నేల 3,612 హెక్టారులు, అనగా దాదాపు 9,000 ఎకరములు. ఇచ్చట గమనింపవలసినది ఆ రెండు అంకెల నడుమ భేదము. మనుష్యులు చేసినది మొదటి తోపు మాత్రమే. చక్రము ఒకసారి ముందుకు తిరిగిన పిమ్మట తక్కిన పని గడ్డియే చేసికొన్నది. పచ్చిక ముదిరినకొలది నీరు తేటపడినట్లును, చేపలును వెన్నెముకలేని ప్రాణులును పెరిగినట్లును, అడుగుమట్టిలో కర్బనము కూడినట్లును వారు ఏడాదికేడాది కొలిచి చూపిరి. స్కాలప్‌లను తిరిగి తెచ్చి విడువగా అవియును నిలద్రొక్కుకొన్నవి.

ఈ కథ వినినవారికి, గడ్డి పోయినచోట విత్తనములు చల్లినచో సరిపోవునని తోచవచ్చును. అట్లు తోచకుండుటకు అదే ద్వీపకల్పమును దాటి పడమటికి, చెసపీక్ అఖాతము వైపు చూడవలెను. ఓర్త్ బృందమువారు అచ్చటను విత్తనములు చల్లిరి. చాలచోట్ల అవి మొలచి, కొన్నాళ్లు పెరిగి, చచ్చిపోయెను. ఆ అఖాతములోనికి పెద్ద నదులు దిగును. వాని గట్టులనున్న పొలములనుండి ఎరువులును, పట్టణములనుండి మురుగును వచ్చి చేరును. 1972 జూనులో ఆగ్నెస్ అను తుపాను తెచ్చిన వరదమట్టి అచ్చటి జలవృక్షములను దారుణముగా దెబ్బతీసెను. మట్టి ఒకనాటికి దిగిపోవును గాని నత్రజని అట్లు పోదు. ఎరువు వరిపైరునకు చేసిన మేలునే నీటిలోని సూక్ష్మమైన నాచునకు చేయును. ఆ నాచు నీటిని పచ్చబరచి, గడ్డి ఆకుపై పొరవలె పేరుకొని, వెలుతురును అడ్డగించును. అచ్చట లోపము విత్తనము కాదు. మందు వేరు. మురుగునీటి శుద్ధి, ఎరువుల వాడుకలో పొదుపు మొదలగువాని వలన మూడు దశాబ్దములలో నత్రజని నూటికి 23 పాళ్లు తగ్గగా, అఖాతమునందలి వివిధ జలవృక్షములు సుమారు 17,000 హెక్టారులలో తిరిగి లేచెనని 2018 లో ఒక పరిశోధన వెల్లడించినది. విత్తినవారెవరును లేరు. తేటపడిన నీటిలో అవి తామే వచ్చినవి. కాని ఈల్‌గ్రాస్‌కు ఆ భాగ్యము పూర్తిగా పట్టలేదు. అది చలిదేశపు గడ్డి. వేసవిలో నీరు నానాటికి వేడెక్కుచుండుట దానిని పీడించుచున్నది.

ఈ రెండు అఖాతముల నడుమ నున్నది కొద్ది మైళ్ల నేల మాత్రమే. రోగము పేరు ఒక్కటే, రోగకారణము వేరు. అందుచేత ఈ రంగమున పనిచేయువారు మందుకంటె ముందు పరీక్షకే ఎక్కువ కాలము వెచ్చింతురు. ఆ పరీక్ష మనము ఊహించునంత ఆడంబరమైనది కాదు. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు గల చతురస్రపు చట్రమును అడుగున పరచి, అందులోని పిలకలను లెక్కింతురు. ఆకు పొడవును, వెడల్పును కొలుతురు. ఆకుపై ఎంత నాచు పేరుకొన్నదో చూతురు. అడుగునకు దిగు వెలుతురును ఒక యంత్రముతో కొలుతురు. ఇదే చోట, ఇదే విధముగా, మరుసటి సంవత్సరము, ఆపై సంవత్సరము. చెసపీక్ ప్రాంతమున విమానమునుండి తీసిన ఛాయాచిత్రములతో 1984 మొదలుకొని ఏటేట సర్వే జరుగుచున్నది. ఒక్కనాటి కొలత వలన తెలియునది స్వల్పము. పదియేండ్ల కొలతలు ప్రక్కప్రక్కన పెట్టినపుడు గాని చక్రము ఎటు తిరుగుచున్నదో తెలియదు.

మన లక్షద్వీపములలో జరిగినది మరియొక విధమైన కథ. అచ్చటి మడుగులలో పచ్చతాబేళ్లు కలవు. పెరిగిన పచ్చతాబేలునకు సముద్రపు గడ్డియే ముఖ్యాహారము. పూర్వము ద్వీపవాసులు వానిని వేటాడి, వాని కొవ్వును పడవలకు పూసెడివారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత ఆ వేట ఆగినది. ఈ శతాబ్ది ఆరంభమునకు అగట్టి మడుగులో తాబేళ్లు మిక్కిలి పెరిగెను. అవి మేయగా మేయగా గడ్డి ఆకులు పొట్టివై, సన్నగిలినవి. దళసరి ఆకుల జాతి వెనుకబడి, త్వరగా పెరుగు సన్న జాతి ఆ స్థానము నాక్రమించినది. పిమ్మట అదియు పోయినది. ఒక మడుగున మేత తరుగగా తాబేళ్లు మరియొక ద్వీపపు మడుగునకు మరలినవి. అచ్చటను అదే వరుస. గడ్డిని ఆశ్రయించిన చేపలు తరిగిపోవుటకు తాబేళ్లే కారణమని జాలరులు ఎప్పటినుండియో మొరపెట్టుచుండిరి. వారి మాట వట్టి కసియని కొట్టివేయుట సులభము. కాని పరిశోధకులు మడుగులో వలకంచెలు కట్టి తాబేళ్లను రానీయనిచోట గడ్డి ఎట్లు పెరుగునో చూచి, ఆ మాటలో నిజమున్నదని తేల్చిరి. 2021 లో వెలువడిన వ్యాసము ద్వీపసముదాయమందలి పచ్చికలు ఒకదాని వెనుక ఒకటి ఇట్లే క్షీణించిన వైనమును వర్ణించినది.

ఇందులో తాబేలు తప్పేమియు లేదు. దానిని కాపాడుట తప్పని నేను అనుట లేదు. ఆస్ట్రేలియా పడమటితీరమున షార్క్ బే అను చోట చిరకాలము పరిశోధించినవారు, పులిసొరచేపలు తిరుగు భాగములలో తాబేళ్లును, సముద్రపు ఆవులును నిశ్చింతగా మేయజాలవనియు, ఆ భయమే గడ్డికి కొంత రక్షణయనియు చూపిరి. సొరచేపలను మనము ప్రపంచమంతట పట్టివేయుచున్నాము. గొలుసులో ఒక కడియమును తీసివేసి మరియొక దానిని పదిలపరచినచో గొలుసు నిలుచునా యను సందేహము లక్షద్వీపపు జాలరి అడుగుచున్నాడు. దానికి తేలిక సమాధానము లేదు.

సముద్రపు ఆవు ప్రస్తావన వచ్చినది. ఇది క్షీరదము, సాధుజంతువు. నీటిలోనే పుట్టి, నీటిలోనే మేసి, గాలి పీల్చుటకు మాత్రము పైకి వచ్చును. దినమునకు 30, 40 కిలోల గడ్డి మేయును. మనదేశమున దీనికి ముఖ్యమైన ఆటపట్టు పాక్ అఖాతము. అచ్చట 448 చదరపు కిలోమీటర్ల ప్రాంతమును తమిళనాడు ప్రభుత్వము 2022 సెప్టెంబరులో సముద్రపు ఆవుల సంరక్షణ ప్రాంతముగా ప్రకటించెను. ఆవును కాపాడవలెనన్నచో దాని బీడును కాపాడవలెను. ఆ బీడునకు పెద్ద బెడద అడుగును దువ్వుకొనుచు పోవు మరపడవల లాగుడువలలు. వల ఒకసారి ఈడ్చుకొనిపోయిన చాలు, వేరుతో సహా గడ్డి పెల్లగిలి మట్టి లేచును. అచ్చట కొందరు వెదురు చట్రములకు కొబ్బరిపీచు త్రాళ్లు బిగించి, త్రాళ్లకు గడ్డి పిలకలు కట్టి, అడుగున దించి నాటుచున్నారు. వెదురు, పీచు కొన్నాళ్లకు కుళ్లి మట్టిలో కలియును, గడ్డి వేరు తన్నుకొని నిలుచును. మంచి పనియే. అయినను నాటిన మడిపై మరల లాగుడువల పోయినచో నాటినవారి శ్రమ యేమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

లోకమందు లెక్కకు వచ్చిన సముద్రపు పచ్చికలలో 1879 నుండి నూటికి 29 పాళ్లు పోయినవని 2009 లో అంచనా వేసిరి. ఐక్యరాజ్యసమితి శ్రీలంక ప్రతిపాదనపై 2022 లో తీర్మానించి మార్చి 1 వ తేదీని ఈ గడ్డి పేరిట దినముగా నిర్ణయించినది. ఈ శ్రద్ధకు ఒక కారణము కర్బనము. ప్రాణవాయువు లేని బురదలో చిక్కిన వేరులును, ఆకులును త్వరగా కుళ్లవు. మధ్యధరా సముద్రమున పొసిడోనియా అను గడ్డి వేసిన మట్టిమెత్తలు కొన్ని మీటర్ల మందమున వేలయేండ్లుగా నిలిచియున్నవి. పచ్చిక పోయినపుడు ఆ నిలువ కూడ కరిగి గాలిలోనికి చేరుట కలదు. సౌత్ బేలో 2015 వేసవిని నీరు విపరీతముగా వేడెక్కినపుడు పచ్చిక మధ్యభాగమున పిలకలు పెక్కు చచ్చి, మట్టిలో కూడిన కర్బనము కొంత పోయెను. అయితే చుట్టునున్న పచ్చిక నిలిచియుండుటచేత విత్తు కరవు కాలేదు. కొద్ది సంవత్సరములలో బోడినేల మరల పచ్చబడినది. 1933 నాటి దెబ్బకు 70 ఏండ్లు లేవని నేల ఇదియే.

మన ప్రాంతపు ఉప్పుకయ్యలకు ఈ శాస్త్రము దూరమైనది కాదు. చిలకాలో సముద్రముఖము ఇసుకతో పూడి, ఉప్పు తగ్గి, మంచినీటి తూడు ప్రబలియున్న దశలో 2000 సెప్టెంబరున క్రొత్త ముఖము త్రవ్విరి. సముద్రజలము లోనికి వచ్చి తూడు వెనుకకు తగ్గినది, సముద్రపు గడ్డి విస్తరించినది. దానిని ఎవరును నాటలేదు. పులికాటునకును ముఖములు పూడుటయే చిరకాలపు వ్యాధి. అచ్చట ఉప్పు, ఒండ్రు, వెలుతురు ఏ పాళ్లలో నున్నవో తెలిసికొనుటకు చట్రము పట్టి, ఏటేట అదే చోట పిలకలు లెక్కించువారు కావలెను.

ఆనాడు ఆ వృద్ధుడు నా చేతిలోని గడ్డిని చూపి, "చిన్నప్పుడు ఇది ఇంకా పైదాకా వుండేది సార్" అని ఉత్తరపు దిక్కునకు గెడ చూపించెను. ఎంతవరకు అని అడిగితిని. "కొలిచిందెవురు?" అని నవ్వి పడవ సాగించెను. ఆ మాటయు, పడవ అడుగున గడ్డి రాచుకొను చప్పుడును రికార్డులో ఉన్నవి. శబ్దచిత్రమున వానిని తీసివేయక ఉంచితిమి.